కీబోర్డు కింద పసుపు బల్బులు

దుకాణం ఎత్తేసే నాటికి ఆదికేశవులు చేతిలో మిగిలినవి ఒక సోల్డరింగ్ ఐరన్, రేకు డబ్బా నిండా మిరియపు గింజంత పసుపు బల్బులు, ఇంకా వణుకు రాని రెండు చేతులు. తిరుచానూరులో ఉత్సవమొస్తే వీధి మొగదల వెలిగే దేవుళ్లను సీరియల్ బల్బులతో కట్టేది అతనే. ఇప్పుడు చెన్నై నుంచి పరదాల్లాంటి లైట్లు వస్తున్నాయి. లారీలోంచి దించి వేలాడదీస్తే చాలు, కావలసిన బొమ్మ అదే పడుతుంది. దేవుళ్లను కట్టే ఇనుప చట్రాలన్నీ పాత సామాన్లవాడికి తూకం వేసిన రోజు భార్య గంగులమ్మ ఏడ్చింది. అతనికి ఏమీ అనిపించలేదు. కాటా ముల్లు సరిగా నిలబడిందా లేదా అని చూసుకున్నాడు, అంతే.

తిరుపతిలో కంప్యూటర్లు రిపేరు చేసే రాజారత్నం పాత పరిచయస్తుడు. అతని మెకానిక్ మానేసిపోయాడు. కబురు పెడితే ఆదికేశవులు వెళ్లాడు.

“కంప్యూటర్ల గురించి నాకేం తెలుసప్పా?” అన్నాడు.

“తెలియాల్సిన పనిల్యా. ఈ కీబోర్డొకటి సూడు. ఒక్కో అక్షరం కింద ఒక్కో స్విచ్చి, ఒక్కో బల్బు. నీ దేవుడికన్నా చిన్నది, అంతే తేడా. ఆ పాప చేత బాగుందనిపిస్తే కుర్చీ నీది. లేదంటే కాఫీ తాగి పో. మన స్నేహానికేం కాదు.”

ఆ పాప శ్రీహిత, గల్లా బల్ల పక్కనే నిలబడి ఉంది. ఇంట్లో కూర్చుని ఏదో కంపెనీకి పని చేస్తుందట.

“మా అవ్వకి కంటి ఆపరేషన్ అయినాక వెలుతురు పడదన్నా. ఉండేది ఒకటే రూము. ట్యూబ్‌లైటు ఆర్పేసి టైపు చేసుకోవాల. ఈ నీలం వెలుగుకు తల పగిలిపోతాండాది. పసుపు చెయ్యండి.”

ఇంట్లో ఖాళీగా కూర్చోవడం కన్నా ఇక్కడ కూర్చోవడం మేలు. ఆ మాత్రం లెక్క అతనికి తెలుసు. ఒప్పుకున్నాడు.

నీలం బల్బులన్నీ ఊడదీసి పసుపువి అతికించాడు. బల్బుకుండే రెండు తీగ కాళ్లలో పొడుగుది ప్లస్సుకు, పొట్టిది మైనస్సుకు. ఒక్కటీ తిరగబడలేదు. పని అయ్యాక కీబోర్డును గోడకు నిలబెట్టి, రోడ్డు దాటి, ఎదుటి మందుల షాపు అరుగెక్కి, కళ్లు సగం మూసి చూశాడు. దేవుళ్లను కట్టిన ప్రతిసారీ అలాగే చూసేవాడు. అన్ని అక్షరాలూ ఒకే తీరున మండుతున్నాయి.

“ఏందప్పా, రోడ్డు మీద నిలబడి కీబోర్డుకు దండం పెట్టుకుంటాండావా?” అని రాజారత్నం గుమ్మంలోంచి అరిచాడు.

సాయంత్రం శ్రీహిత వచ్చింది. రాజారత్నం షట్టర్ సగం దించి, లైట్లు ఆర్పితే, కీబోర్డు ముందు కూర్చుంది. కాసేపటికే ముఖం పక్కకు తిప్పుకుంది.

“రంగు బాగుండాదన్నా. కానీ కండ్లలోకి కొడతాండాది. అక్షరం కనబడ్డం లేదు, బల్బే కనబడతాండాది.”

ఇన్నేళ్లూ ఆదికేశవులు పెట్టిన బల్బులన్నీ జనం ఆగి చూడటానికే. వాటి వెలుతురులో ఎవరూ సూదిలో దారం ఎక్కించలేదు, పుస్తకం చదవలేదు. ఆ సంగతి ఇప్పుడే తట్టింది. తట్టినందుకు బాధ కూడా కలగలేదు. కుర్చీ చెయ్యి దాటిపోతోందని మాత్రం తెలిసింది.

“రేపు రామ్మా. సరిచేస్తాను.”

ఆమె వెళ్లాక రాజారత్నం తల అడ్డంగా ఊపాడు. “మళ్లీ ఊడదీస్తే లోపలి సర్క్యూట్ అట్ట మీది రాగి గీతలు లేచిపోతాయి. వస్తువే పోతాది. పోనీ, వదిలెయ్యప్పా.”

“ఊడదియ్యను.”

మర్నాడు అక్షరాల మూతలు మాత్రం పీకి, అగ్గిపుల్లకు గరుకు కాగితం చుట్టి, ఒక్కో బల్బు నెత్తినీ రుద్దాడు. నున్నటి గాజులా ఉన్నవి పాలలా మసకబారాయి. ఈసారి రోడ్డు దాటలేదు. మూతలు మళ్లీ బిగించి, ఖాళీ కుర్చీలో కూర్చుని, తల మీదుగా దుప్పటి కప్పుకుని, చేతులు అక్షరాల మీద పెట్టి చూశాడు. ఎక్కడ వెలుగు ఎక్కువైతే అక్కడ మూత తీసి ఇంకాస్త రుద్దాడు. మధ్యాహ్నం దాకా ఆ దుప్పటి కిందే ఉన్నాడు.

“బతికే ఉండావా లోపల?” అని రాజారత్నం అడిగితే “ఊ” అన్నాడు.

శ్రీహిత వచ్చి కూర్చుంది. లైట్లు ఆర్పారు. తెర మీదికి చూస్తూ టైపు చేయడం మొదలుపెట్టింది. ఆపలేదు. పక్కన ఇద్దరు నిలబడి ఉన్నారన్నది కూడా మర్చిపోయినట్టుంది. ఆఖరికి రాజారత్నమే దగ్గాడు.

“ఏమ్మా, బాగుండాదా?”

“ఏందన్నా?” అని తలెత్తి, మళ్లీ కీబోర్డు వంక చూసి నవ్వింది. “ఓ, లైట్లా. నేను చూసుకోనే లేదు. బాగుండాయి.”

ఆమె కీబోర్డు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. రాజారత్నం లైట్లు వేస్తూ, “సోమవారం నుంచి వచ్చెయ్. టిఫిను తినేసి రా, ఈడ పెట్టను,” అన్నాడు.

తిరుచానూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. అది రాలేదని దిగులూ పడలేదు. అన్నీ కూడి తీసేస్తే, రోజూ పోయి కూర్చోవడానికి ఒక చోటు వచ్చింది, దగ్గర నుంచి చూడటం వచ్చింది. ఇంకేమీ రాలేదు.