నారాయణ ఏడ్చిన సినిమా

నారాయణ సినిమా హాల్లో ఏడ్చినందుకు మహానందికి ఒళ్లు మండింది. తన చేను కొన్నందుకు ఇన్నేళ్లుగా మండుతూనే ఉంది, అది వేరే. ఇద్దరు కొడుకులూ నిక్షేపంగా ఉన్నవాడు, బిడ్డను పోగొట్టుకున్న అమ్మానాన్నల సినిమా చూసి కండువాలో మొహం దాచుకుని వెక్కితే, ఆలూరు నుంచి ఆటోలో తిరిగొస్తూ ఆడవాళ్లంతా "ఎంత మెత్తని మనిషప్పా" అన్నారు. నిజంగా కొడుకును మట్టిలో పెట్టినవాడు ఆ పక్కనే కూచుని ఉన్నాడని ఎవరికీ తట్టలేదు.

ఆనాటి నుంచి గిడ్డమ్మ మొగుడు మహానందితో సరిగా మాట్లాడటం లేదు.

"ఏమైందే నీకు?"

"ఆ సినిమాలో నాయన బిడ్డ సమాధి కాడికి పోయి కూచుంటాడు. మన భూపేషు కాడికి నువ్వు ఒక్కసారన్నా పోయినావా?"

"యాడికి పోవాల? అది ఇప్పుడు నారాయణ చేను."

"నారాయణన్నకు వచ్చినపాటి కన్నీళ్లు కూడా నీకు రాలేదు. వాడు నీకు గుర్తు లేడులే."

భూపేషు జ్వరానికి కర్నూలు ఆస్పత్రిలో డబ్బు కట్టడానికే చేను బేరం పెట్టాడు మహానంది. పిల్లోడు దక్కలేదు. పెళ్లికాని పిల్లల్ని కాల్చరు గనక చేను గట్టువార పూడ్చి, ఆ తర్వాత పోయి రిజిస్టరు చేయించి వచ్చాడు. మళ్లీ అటు అడుగు పెట్టలేదు.

తెల్లారి గిడ్డమ్మను వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఆ మట్టికుప్పను నారాయణ ఎప్పుడో దున్నేసి ఉంటాడు. అది తన కళ్లతో చూస్తే వాడి కన్నీళ్ల సంగతి ఆమెకే తెలిసొస్తుంది.

చేనంతా వేరుశనగ. గట్టువార మాత్రం మంచం పట్టేంత నేల దున్నకుండా ఉంది. చుట్టూ రాళ్లు, పైన కుక్కలు తవ్వకుండా కంప.

వాళ్లను చూసి నారాయణ వచ్చాడు. "ట్రాక్టరోనికి ప్రతిసారీ చెప్తా బావా, ఈడ తిప్పుకోని పో అని. మా చిన్నోడూ వీడూ ఒక బడే గదా. సినిమాలో ఆ పిల్లోన్ని జూస్తాంటే వీడే కనపడినాడు."

"చల్లగుండన్నా," అంటూ గిడ్డమ్మ కుప్ప పక్కన చతికిలబడింది.

మహానంది వంగి ఒక రాయి తీసి, అక్కడే పెట్టాడు. "రాళ్లు సరిగా పేర్చలేదే," అన్నాడు.

"కూచో బావా."

తన కొడుకు పక్కన తనను కూచోమనడానికి వాడెవడు? మహానంది నిలబడే ఉన్నాడు. కళ్లు మండాయి గానీ తడవలేదు. ఏడవాల్సినదంతా నారాయణ ముందే ఏడ్చేసినట్టుంది.

ఇంటికి పోతూ గిడ్డమ్మ అడిగింది. "రాసిచ్చేటప్పుడు ఆ మూలన్నా మనకు పెట్టుకుందామని తోచలేదా నీకు?"

తోచలేదు. మొత్తం రాసిచ్చాడు: రెండెకరాల ముప్పై సెంట్లు, మట్టికుప్పతో కలిపి.