ట్యాంకు నింపి ఇచ్చే బండి

పాత బండి క్లచ్‌ప్లేటు మళ్ళీ పోవడంతో గౌరీశంకర్ కొత్తది కొందామన్నాడు. ఆ మాట ఇంట్లో అన్నాడో లేదో, బుచ్చయ్యపేట నుంచి పెదబాబు దిగాడు. గౌరీశంకర్‌కి పెదనాన్న కొడుకాయన. ఏ బండి కొనాలో చెప్పమని ఆయన్ని ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెబుతాడని అందరికీ తెలుసు.

వరండాలో కుర్చీల మధ్య రెండు రంగుల కాగితాలు పరిచి ఉన్నాయి. ఒకటి పెట్రోలు బండిది, ఇంకొకటి కరెంటుది. రెండూ ఎత్తైన పెద్ద కార్లే. బొమ్మల్లో రెండూ ఏదో కొండ అంచున నిలబడి ఉన్నాయి. చోడవరంలో అలాంటి చోటికి వెళ్ళే పని ఎవరికి పడుతుందో గౌరీశంకర్ భార్య రేవతికి అర్థం కాలేదు.

"సూడు శంకరం, మన బండి పెట్రోలుదే అవ్వాల," అన్నాడు పెదబాబు. "కరెంటు బండి ఏటిరా? పాడేరు ఘాటీ ఎక్కుద్దేటి? తుపానొచ్చి కరెంటు పోతే వాకిట్లో ఎట్టుకుని దానికి బొట్టెట్టాల."

"ఎక్కుద్దనే అన్నారన్నియ్యా," అన్నాడు గౌరీశంకర్.

"ఎవులన్నారు? అమ్మినోడే గదా."

రేవతి టీ గ్లాసులు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. 'మన బండి' అన్న మాట ఆమె వెంటే వంటింట్లోకి వచ్చింది.

పాత బండి నిజంగానే అందరిదీ అయి బతికింది. గౌరీశంకర్‌కి మెయిన్ రోడ్డు మీద ఎరువుల షాపు. షాపుకొచ్చే రైతుల్లో సగం మంది చుట్టాలే. వడ్డాదిలో పెళ్ళిచూపులన్నా, సింహాచలం మొక్కన్నా, విశాఖపట్నంలో కంటి ఆపరేషనన్నా బండి వెళ్ళిపోయేది. గౌరీశంకర్ నోట్లో లేదన్న మాట పుట్టదు.

అలాగని తీసుకెళ్ళినవాళ్ళు మర్యాద తెలియనివాళ్ళు కారు. తిరిగిచ్చే ముందు బంకు దగ్గర ఆపి ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించేవాళ్ళు. వాకిట్లో తాళాలు చేతికిస్తూ, "కడుపు నింపే తెచ్చేం బాబూ," అనేవాళ్ళు. అక్కడితో లెక్క సరి. నెల తిరక్కుండా మళ్ళీ అడగడానికి వాళ్ళకి మొహమాటం ఉండేది కాదు. సీట్ల సందుల్లో పులిహోర మెతుకులూ, నలిగిన కనకాంబరాలూ, ఎవరి బిడ్డో కక్కిన మరకా రేవతికి మిగిలేవి. పాత తువ్వాలు తడిపి తుడిచేది. తుడుస్తూ తుడుస్తూ పెట్రోలు ముల్లు వైపు చూసేది. అది ఎప్పుడూ నిండుగానే ఉండేది.

పోయిన కార్తీకమాసంలో ఒక ఆదివారం ఆ బండి పెదబాబు వాళ్ళతో రైవాడ డ్యాం దగ్గరికి వనభోజనాలకి వెళ్ళింది. ఆ మధ్యాహ్నమే రేవతి కూతురు చిన్నారికి ఆయాసం ఎక్కువైంది. ఇంట్లో ఆవిరి మందు పట్టే మిషనుంది. మళ్ళీ మళ్ళీ పట్టినా పిల్ల డొక్కలు లోపలికి పోతూనే ఉన్నాయి. అనకాపల్లి తెచ్చేయమన్నాడు డాక్టరు ఫోన్లో. దొరికిన ఆటో ఎక్కారు. ముందంతా చెరకు లోడు ట్రాక్టర్లు. రేవతి ఒళ్ళో పిల్ల మాట్లాడటం మానేసి, ఊపిరి తీసుకోవడం ఒక్కటే పనిగా పెట్టుకుంది.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. పిల్ల తేరుకుంది. "ఇంత ఆలస్యం చేస్తే ఎలాగమ్మా," అన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం బండి ఇంటికి చేరింది, ట్యాంకు నిండుగా.

అప్పట్నుంచి రేవతికి బండి విషయంలో కోరిక ఒక్కటే. అది వాకిట్లో ఉండాలి. ఏది తాగి నడుస్తుందన్నది ఆమెకి పట్టింపు కాదు.

క్లచ్ వేయించిన పాత బండిలోనే అనకాపల్లి షోరూంకి వెళ్ళారు. ముందు సీట్లో పెదబాబు, వెనక రేవతీ చిన్నారీ. పెట్రోలు బండి నడిపి చూశారు, బాగుంది. కరెంటుది నడిపి చూశారు, అదీ బాగుంది. "అమ్మా, ఇది స్టార్ట్ అయిందా?" అని చిన్నారి అడిగేసరికి బండి వీధి చివరికి వచ్చేసింది.

షోరూం కుర్రాడు శివాజీ చాలా చెప్పాడు. పెదబాబు అంతా ఓపిగ్గా విని చివరికి అడిగాడు.

"బాబూ, ఒక మాట సెప్పు. ఎవులన్నా ఓ రోజుకి ఈ బండి అట్టుకెళ్ళేరనుకో. తిరిగిచ్చేటప్పుడు ఏటి పొయ్యాల?"

"ఏమీ పొయ్యక్కర్లేదు సార్. ఇంటికొచ్చాక ఓనరుగారే ప్లగ్గు పెట్టుకుంటారు. తెల్లారేసరికి ఫుల్లు."

"ఆడు ఏటీ పొయ్యడా?"

"కావాలంటే దారిలో ఛార్జింగ్ పాయింటు దగ్గర ఓ గంట ఆగొచ్చు సార్."

"పెళ్ళోళ్ళందర్నీ రోడ్డు మీద కూకోబెట్టుకునా?"

శివాజీ నవ్వాడు. పెదబాబు నవ్వలేదు. తిరుగుదారిలో చాలాసేపు కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ కూర్చున్నాడు. చోడవరం దగ్గర పడుతుండగా, "ఏటీ పొయ్యకుండా ఎలగ తిరిగిత్తారు," అని తనలో తనే అనుకున్నాడు.

వెనక సీట్లో రేవతి ఆ మాట విన్నది. ఏ బండి కొనాలో ఆమెకి అప్పుడే తెలిసిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం గౌరీశంకర్ భోజనానికి వచ్చాడు. రేవతి అత్తగారు అచ్చియ్యమ్మ గుమ్మం పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అన్నియ్య పెట్రోలే అంటన్నాడు," అన్నాడు గౌరీశంకర్.

"నాకు కరెంటుది కావాలండీ."

"పొగుండదనా? చిన్నారి గురించి?"

"పొగ సంగతి తర్వాత. పొయ్యడానికేమీ లేని బండిని ఎవరూ అడగరు. అదీ నాకు కావలసింది."

అతను ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. కోపం రాలేదు. ఏదో పోతున్నట్టు చూశాడు.

"ఎవులూ అడక్కపోతే ఊళ్ళో మనమేటి రేవతీ? ఇత్తాడనే గదా నా గుమ్మంలోకి వత్తారు."

"ఈళ్ళ నాన్నా ఇంతే," అంది అచ్చియ్యమ్మ కాయల మీంచి తల ఎత్తకుండా. "నన్ను పురిటికి తీసుకెళ్ళాల్సిన ఎడ్లబండి ఎవులికో ఇచ్చేసేడు. ఈడు గట్టు మీద పుట్టేడు."

"నువ్వూరుకోయే."

"ఊరుకునే గదా ఇన్నేళ్ళూ ఉన్నాను."

రేవతి మజ్జిగ గిన్నె అతని ముందుకి జరిపింది. గొంతు పెంచే ఓపిక ఆమెకి లేదు.

"ఒక్కటే అడుగుతాను. పెట్రోలు బండే కొనండి. కొన్నాక, పిల్లకి బాగోలేని రోజున ఎవరైనా వచ్చి అడిగితే లేదని చెప్పగలరా?"

అతను మజ్జిగ పోసుకుని, అన్నం కలిపి, చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు.

"సెప్పలేను," అన్నాడు.

"అయితే కరెంటుది కొనండి."

బండి వచ్చింది. వినాయకుడి గుళ్ళో పూజ చేయించారు. పెదబాబూ వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, ప్లగ్గు పెట్టే మూత తెరిచి చూసి, మళ్ళీ జాగ్రత్తగా మూసేశాడు. తరవాత చుట్టాలు చాలామంది వచ్చి చూశారు. ఎక్కి కూర్చున్నారు, చప్పుడు లేదని ఆశ్చర్యపోయారు. ఒకరూ అడగలేదు. బండి వాకిట్లో గోడకి ఆనుకుని, తీగ తగిలించుకుని ఉండేది.

వానలు మొదలయ్యాక చిన్నారికి ఒకసారి ఆయాసం వచ్చింది. వెంటనే బండెక్కించి తీసుకెళ్ళారు. సాయంత్రానికి పిల్ల లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. డాక్టరు ఈసారి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం రేవతికి చాలింది.

కానీ ఇంట్లో ఏదో తగ్గింది. పెదబాబు రావడం మానేశాడు. షాపుకొచ్చే చుట్టాలు షాపు నుంచే వెళ్ళిపోతున్నారు. గౌరీశంకర్ ఇంటికొచ్చి, తిని, ఫోను చూసుకుంటూ పడుకుంటున్నాడు. రేవతి తుడవడానికి సీట్లలో మెతుకు కూడా ఉండటం లేదు. విశ్రాంతి దొరుకుతుందనుకుంది. అలసట మాత్రం అలాగే ఉంది.

దసరా వెళ్ళాక మబ్బు పట్టిన ఒక ఉదయం పెదబాబు ఆటో దిగాడు. చేతిలో గోనె ముక్కలో చుట్టిన బెల్లం దిమ్మ. వరండాలో బల్ల మీద బరువుగా దించాడు.

"బండికి పొయ్యడానికి ఏటీ లేదు గదా. అందుకే ఇంటికి తెచ్చేను," అన్నాడు. ఇన్నాళ్ళకి ఉపాయం దొరికిన సంతోషం ఆయన ముఖంలో ఉంది. "రేపు దేవరాపల్లిలో మన రోజా సీమంతంరా శంకరం. ఆడోళ్ళని బండిలో దింపాల."

గౌరీశంకర్ ముఖం విప్పారింది. చెయ్యి అప్పటికే మేకుకి ఉన్న తాళాల వైపు వెళుతోంది. లోపల గదిలో చిన్నారి దగ్గింది. రెండు రోజులుగా దగ్గుతూనే ఉంది.

ఇవ్వలేమన్న మాట తన బదులు బండే అంటుందని ఇన్నాళ్ళూ అనుకుంది రేవతి. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"రేపు ఇవ్వలేం బావగారూ. పిల్లకి దగ్గుగా ఉంది. తగ్గాక మీరు ఏ రోజు అడిగినా తీసుకెళ్ళండి."

గౌరీశంకర్ చెయ్యి తాళాల దగ్గర ఆగిపోయింది. పెదబాబు ఆమెని కొత్తగా చూశాడు.

"దగ్గే గదమ్మా. ఒక్క రోజు."

"మీరు రైవాడ వెళ్ళింది కూడా ఒక్క రోజే. ఆ మధ్యాహ్నమే పిల్లకి ఊపిరందలేదు. ఆటోలో తీసుకెళ్ళాం."

"తరవాత నేను సూడ్డానికొచ్చేను గదా, ఏపిల్సు అట్టుకుని. ఆ రోజే అని నాకెవులూ సెప్పలేదేటి?" పెదబాబు తమ్ముడి వైపు తిరిగాడు. "ఏటిరా శంకరం?"

"నువ్వు ట్యాంకు నింపి తెచ్చేవన్నియ్యా," అన్నాడు గౌరీశంకర్ నేల చూస్తూ. "ఇంకేటి సెప్పమంటావు."

లోపల పిల్ల మళ్ళీ దగ్గింది. పెదబాబు లేచాడు.

"ఆటో సెప్పుకుంటాన్లేమ్మా. సిన్నారి గుంటని సూసుకో."

"బెల్లం తీసుకెళ్ళండి బావగారూ."

"ఉండనీ. బండికి కాదు. గుంటకి మిరియాల కషాయంలోకి."

ఆయన వెళ్ళాక రేవతి దిమ్మని వంటింట్లోకి తెచ్చి, రోకలి బండ తీసుకుని కింద కూర్చుంది. కొత్త బెల్లం, గట్టిగా ఉంది. ఒక మూల పగలడానికి చాలాసేపు పట్టింది. కిటికీలోంచి వాకిలి కనిపిస్తోంది. గౌరీశంకర్ తాళాలతో బండి దగ్గరికి వెళ్ళి, ఛార్జింగ్ నిండిందని చూసుకుని ప్లగ్గు తీసి, తీగ మెల్లగా చుట్టి గోడకి తగిలించాడు. లోపలికి వచ్చి తాళాలు మేకుకే వేసి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఇలా తే," అన్నాడు రోకలి బండకి చెయ్యి చాపి.