సొరకు పేరు కావాలి

పైడిరాజు పడవను అటవీశాఖవాళ్లు కళింగపట్నం ఒడ్డున గొలుసేసి కట్టేశారు. ఇంజను విప్పి ఆఫీసుకు పట్టుకుపోయారు. నేరం ఏమిటని అడిగితే, అసలు నేరం జరిగిందో లేదో వాళ్లకే తెలియదు. పడవలో మూడు సొరలు దొరికాయి. కొన్ని సొరల్ని చంపితే జైలు, కొన్నిటిని చంపితే ఏమీ లేదు. ఇవి ఏ రకమో చూద్దామంటే వాటికి తలల్లేవు.

తల ఎరకు కోసేస్తారు. వీపు మీది రెక్కలకు ముందు మేకుల్లాంటి ముళ్లు రెండుంటాయి, చేతిలో దిగకుండా పైకి లాగగానే విరిచి పారేస్తారు. నూనె కోసం కార్జం తీసి డబ్బాలో వేస్తారు. ఆ నూనె ఎక్కడికో పోయి ఎవరి మొహానికో క్రీమవుతుంది. ఒడ్డు దగ్గరి నీళ్లను ట్రాలర్లు గీకేశాక చిన్న పడవవాడు లోతుకు పోక ఏం చేస్తాడు?

అధికారి మురళీమోహన్ విశాఖ నుంచి సొరల మీద చదువుకున్న అనూరాధను పిలిపించాడు. ఆమె ఇసుకలో మోకాళ్ల మీద కూచుని మొండేలను తిప్పి చూసింది.

“కడుపు వెనక ఉండాల్సిన రెక్క లేదు. ఛాతీ రెక్క మూల పొడుగ్గా సాగింది. లోతు సొరల్లో ఒక కుటుంబం ఇది. అంతవరకే చెప్పగలను.”

“జాతి?” అన్నాడు మురళీమోహన్.

“పళ్లు లేవు, ముల్లు లేదు. ఎలా చెప్పను? చేప మొత్తం ఉన్నా మాలో మేమే కొట్టుకుంటాం. పిల్లకొక పేరు, అదే పెద్దయ్యాక ఇంకో పేరు పెట్టినవాళ్లున్నారు.”

“ఇంటిపేరు దొరికింది గదేటమ్మా!” అంది పైడిరాజు పెళ్లాం జగ్గమ్మ. “మాకు దాంతోనే పెళ్లిళ్లు కుదిరిపోతాయి.”

“జాతి తేలేదాకా పడవ కదలదు,” అన్నాడు మురళీమోహన్.

అదే చోట పట్టిన చేపను కోయకుండా తెస్తే పోల్చి చూస్తానంది అనూరాధ.

“దేని మీదెల్లి తేమంటావమ్మా? ఈత కొట్టుకునెల్లమంటావా?” అన్నాడు పైడిరాజు.

చివరికి పైడిరాజే తన బామ్మర్ది నరేష్ పడవ తీసుకుని వెళ్లాడు. ఒక్క చేపకే అనుమతి. ముల్లు విరవకుండా తేవాలి కాబట్టి అది కుడి అరచేతిలో దిగింది. గుడ్డ చుట్టుకుని, పచ్చటి పెద్ద కళ్ల సొరను ఆమె ముందు పడేశాడు.

ఆమె పళ్లు చూసింది, ముల్లు చూసింది, భూతద్దం పెట్టి చర్మం చూసింది, పాత మొండేల చర్మంతో పోల్చింది. “రెండూ ఒకటే. నిషేధం ఉన్నది కాదు,” అంది.

“బాబూ, ఇంజను తెప్పించండి,” అంది జగ్గమ్మ.

అనూరాధ అప్పుడు పొట్ట కోసింది. లోపల పిల్ల. ఒక్కటే.

“ఎప్పుడూ అంతేనమ్మా,” అన్నాడు పైడిరాజు. “ఒకటో రెండో ఉంటాయి. నీల్లలోకి ఇసిరేత్తాం.”

“ఈ ఒక్కదాన్ని తల్లి రెండేళ్లదాకా మోస్తుంది. తల్లి కావడానికే దానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. మీరిలా పడితే ఇవి మిగలవు. అదీ రాయాలి.”

“పడవ మాట రాయమ్మా. ఈ మాట మాకు సెప్పినావు గదా, సాలు,” అంది జగ్గమ్మ.

“సగం నిజం రాయలేను పిన్నీ.”

“అయితే మొత్తం రాసీ,” అన్నాడు పైడిరాజు. “కార్జం కొన్న జగన్నాధం సావుకారు పేరు రాయి. కిందంతా గీకేసిన ట్రాలర్లోల్ల పేర్లు రాయి.”

“నాది చేపల పని.”

“సేపకి కుటుంబం పట్టినావు. దాన్ని మింగినోడికి కుటుంబం లేదేటి?”

ఆమె కాగితం తీసింది. నిషేధం లేదనీ, ఇలా పడితే మిగలవనీ రెండు మాటలూ రాసి సంతకం పెట్టింది. మొదటి మాటతో పడవ విడవాలి. రెండో మాట పట్టుకుని మురళీమోహన్ ఇంకో కాగితం తయారుచేయించాడు: ఇకపై లోతు సొర వేటకు పోనని పైడిరాజు రాసివ్వాలి. లేకపోతే ఇంజను రాదు.

“మరి సావుకారు?” అంది జగ్గమ్మ.

“ఆయనేమైనా పడవెక్కాడా?” అన్నాడు మురళీమోహన్.

ముల్లు దిగిన కుడిచెయ్యి వాచిపోయి ఉంది. పైడిరాజు ఎడమ బొటనవేలు ముద్ర వేశాడు. ఇంజను వచ్చింది. గొలుసు తీశారు. అతను ఒడ్డు దగ్గరే వలేస్తే జెల్లీచేపలు తప్ప ఏమీ పడలేదు.

ఆ సాయంత్రమే జగన్నాధం వ్యాను ఒడ్డుకొచ్చింది. కార్జం వేసే ఖాళీ డబ్బాలు దించించాడు. పైడిరాజు వంక చూసి నవ్వాడు.

“వేలిముద్ర నువ్వొక్కడివే యేసినావటగా?”

“ఊఁ.”

“నరేష్ యెయ్యలేదు గదా?”

డబ్బాలన్నీ నరేష్ పడవ దగ్గర పెట్టించాడు. నరేష్ బావ వైపు చూడలేదు. తల వంచుకుని గాలాలకు ఎర గుచ్చుతున్నాడు.