ఛైర్మన్‌గారి బ్యాటింగు వంతు

మా ఊరికి ప్రొఫెషనల్ బేస్‌బాల్ జట్టును తెస్తున్నానని చేపముద్దల ఫ్యాక్టరీ ఛైర్మన్ తొకుమరు కిచిజీ ఒక హోటల్ హాల్లో ప్రకటించిన రోజున ఆయన దగ్గర ఆటగాడన్నవాడు ఒక్కడూ లేడు. పేరు మాత్రం ఉంది, ఊరి పేరు కలిపి ఇసోహమ గ్రేట్ వేవ్స్ అని. పాట కూడా రాయించాడు. చేతులూ కాళ్లూ మొలిచిన చేపముద్ద వేషంలో ఒక బొమ్మను వేదిక మీదికి నడిపిస్తే, ముందు వరసలోని పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మేయర్ చప్పట్లు కొట్టాడు. మేయర్ కొట్టాడు కాబట్టి వర్తక సంఘం వాళ్లూ కొట్టారు. నా చేతిలో టీ కప్పు ఉండబట్టి నేను బతికిపోయాను.

నా పేరు ఒరికసా సుమియే. రేవులో పడవల రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగం నాది. వేసవిలో హైస్కూల్ పోటీలప్పుడు మునిసిపల్ మైదానంలో ఆటగాళ్ల పేర్లు చదివేదీ నేనే. అందుకని కొత్త జట్టుకూ నన్నే పిలిచారు. తొకుమరు చేపముద్దలు తినని ఇల్లు మా ఊళ్లో లేదు, ఆయన్ని తిట్టుకోని ఇల్లూ లేదు. ఫ్యాక్టరీ తాత కట్టాడు, తండ్రి పెంచాడు. ఈయన చేసిందల్లా పెట్టె మీద తన ఫొటో వేయించడం.

అలాంటి మనిషికి జట్టెందుకో ఊరందరికీ తెలుసు. హైస్కూల్లో మూడేళ్లూ బేస్‌బాల్ జట్టులో ఉండి, ఒక్క మ్యాచ్‌లోనూ ఆయన బ్యాటు పట్టలేదు. చివరి వేసవిలో బెంచీ మీద కూడా చోటు దక్కక, స్టాండ్‌లో కూర్చుని డోలు వాయించాడు. వయసు మీద పడేకొద్దీ ఆ కథ రంగు మారింది. ఏ విందులోనైనా కాస్త సాకే మందు పడగానే, "ఆ రోజు నన్ను దింపి ఉంటేనా, కోషియెన్ జాతీయ పోటీల్లో దేశమంతా మమ్మల్ని చూసేది" అనేవాడు. ఆయన చేపముద్దలు అమ్ముకుని బతికేవాళ్లు ఔనౌననేవారు.

కోచ్‌గా శిరొటా అనే ఆయన్ని పట్టుకొచ్చాడు. శిరొటా ఒకప్పుడు పెద్ద లీగులో ఆడినవాడే. ఈమధ్య మాత్రం టీవీలో నూడుల్స్ జుర్రుకుని కళ్లు మూసుకుని "ఆహా" అనడమే ఆయన వృత్తి. ఛైర్మన్ ఏమన్నా గంగిరెద్దులా తలూపేవాడు.

ఆటగాళ్ల ఎంపిక చలికాలంలో జరిగింది. వచ్చినవాళ్లలో వజ్రాలేమీ లేవు. పెద్ద జట్లు వద్దన్నవాళ్లు, కంపెనీ జట్టు మూతపడి వీధిన పడ్డవాళ్లు, మోకాలు పాడైన సంగతి దాచిపెట్టినవాళ్లు. వాళ్లలో నిషిజాతో అనేవాడు ఒకడు. ముప్పై దగ్గరపడుతున్న వయసు, మొండి మెడ, లోకం తనకేదో బాకీ ఉందన్నట్టు చూపు. బంతిని మాత్రం బాగానే బాదాడు. ఛైర్మన్ విలేకరులను వెంటేసుకుని వాడి దగ్గరికి వెళ్లాడు.

"నీ పేరు నిషిజావా కదూ?"

"నిషిజాతో."

"నిషిజావా, నీ కళ్లలో నిప్పు కనిపిస్తోందయ్యా నాకు!"

"దుమ్ము పడిందండీ. నేల తడపకుండా పిలిచారు కదా మమ్మల్ని."

నేను మైకు కట్టేసి నవ్వుకున్నాను. వాడి పొగరు కూడా నాకు నచ్చలేదనుకోండి. కానీ ఆ హాల్లో, ఈ మైదానంలో అప్పటిదాకా ఎవరూ ఆ పెద్దమనిషికి ఒక్క నిజం చెప్పలేదు.

వసంతంలో మొదటి మ్యాచ్. ఊరు సగం వచ్చింది, మిగతా సగం ఇంట్లో కూర్చుని ఎగతాళి చేసింది. నా మైకు గదిలోకి తొకుమరుగారి భార్య రురికో టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. పెద్దల వరసలో కూర్చోలేక పారిపోయి వచ్చానంది.

"మేయర్ భార్య పక్కన కూర్చోబెట్టారక్కా. ఆవిడ సెంటు వాసనకి తల పగిలిపోతోంది."

"మీ ఆయన ఏరీ? సీట్లో లేరే?"

ఆమె కప్పులో టీ పోస్తూ కింద మా బెంచీ వైపు చూపించింది. ఛైర్మన్ ఒంటికి పట్టేసిన యూనిఫాం వేసుకుని, వీపు మీద ఒకటో నంబరుతో కూర్చుని ఉన్నాడు. తనను తానే ఆటగాడిగా నమోదు చేయించుకున్నాడట. లీగు నిబంధనల్లో వద్దని ఎక్కడా లేదట. అరవై దాటిన మనిషి లీగుకు వస్తాడని నిబంధన రాసినవాడు కలలో కూడా అనుకోలేదు మరి.

"ఆడతారా ఏంటి?" అన్నాను.

"నిద్రలో కూడా కొడుతుంటాడక్కా బంతులు. అక్కడా తగలవు."

చివరి ఇన్నింగ్స్‌లో మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. రెండో బేస్ మీద మావాడున్నాడు. బ్యాటింగు వంతు నిషిజాతోది. వాడు బ్యాటు భుజాన వేసుకుని నడుస్తుంటే, శిరొటా వెనక నుంచి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. కాసేపటికి అంపైర్ నుంచి నాకు కబురు వచ్చింది. నేను చదివాను. "నిషిజాతోకు బదులుగా, తొకుమరు."

స్టాండ్‌లో ఎవరో కిసుక్కున నవ్వారు. అవతలి పిచ్చర్ కుర్రాడు తన కోచ్ వైపు చూశాడు. ఆ కోచ్ టోపీ కిందికి లాక్కున్నాడు. దాన్ని ఆ కుర్రాడు మర్యాద చూపించమన్నట్టు తీసుకున్నాడేమో, పసిపిల్లలకు వేసినట్టు వేశాడు బంతి. ఛైర్మన్ బ్యాటు ఊపాడు. గాలికి తగిలింది. రెండోది ఇంకా మెల్లగా వచ్చింది. దానికీ అంతే. మూడోదానికి ఆయన తన చుట్టూ తానే తిరిగి కూలబడ్డాడు. ఔట్. తర్వాతివాడు కూడా మొదటి బంతికే వెళ్లిపోయాడు. మ్యాచ్ పోయింది.

ఛైర్మన్ లేచి, టోపీ తీసి, నాలుగు వైపులా వంగి నమస్కరించాడు. ఆయన కళ్లలో నీళ్లు. సిగ్గుతో వచ్చినవైతే నాకూ జాలేసేది. అవి ఆనందబాష్పాలు.

ఊరు నవ్వి ఊరుకుంటుందనుకున్నాను. కానీ మర్నాడు టీవీ వాళ్లు దిగారు. కుర్రతనంలో తీరని కల, అరవై దాటాక తీర్చుకున్న మహానుభావుడు, అంటూ వెనక పియానో వాయించి చూపించారు. ఎక్కడెక్కడి వాళ్లో ఏడ్చారట. ఆ తర్వాతి ఆదివారానికి స్టాండ్‌లు నిండాయి. ఛైర్మన్ మళ్లీ దిగాడు, మళ్లీ మూడు బంతులూ వదిలాడు, జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే తంతు. నిషిజాతో వారమంతా కొట్టి, సరిగ్గా అవసరం పడ్డప్పుడు వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. జట్టు అడుగుకు జారిపోయింది. అది ఎవరికీ పట్టలేదు. బేస్‌బాల్ చూడ్డానికి వస్తే కదా పట్టడానికి. మా ఊరిది సంతబుద్ధి, రెండు తలల దూడను కట్టేసినా ఇలాగే వస్తారు.

ఒకరోజు మ్యాచ్ అయ్యాక నూడుల్స్ బండి దగ్గర నిషిజాతో నా పక్కన కూర్చున్నాడు.

"సుమియేగారూ, ఆ చేపముద్ద పేరు మీరెందుకు చదువుతారు?"

"అంపైర్ పంపిస్తే చదవాలి. అది నా పని."

"పడవ మునుగుతుందని తెలిసినా బయల్దేరే వేళ చెప్తారన్నమాట."

"ఎక్కేవాళ్లుంటే చెప్తాను. అంత రోషం ఉన్నవాడివి నువ్వెందుకు ఎక్కావ్?"

వాడు గిన్నెలోని రసం ఆఖరి చుక్క దాకా తాగి, "ఇంకో పడవ లేదు కాబట్టి" అని లేచిపోయాడు.

కథ మలుపు తిరిగింది శిరొటా వల్ల. ఆ గంగిరెద్దు మీద నాకు ఏ ఆశా ఉండేది కాదు. వేసవి చివర్లో ఆయన మళ్లీ ఏదో టీవీ కార్యక్రమానికి వెళ్లాడు. అక్కడ ఆయన పాత జట్టువాడొకడు, "శిరొటా, ఛైర్మన్‌ని బ్యాటింగుకి ఎలా పిలుస్తావో ఒకసారి చేసి చూపించవా" అన్నాడు. ఈయన అలవాటు కొద్దీ నడుం వంచి చూపించాడు. స్టూడియో అంతా పగలబడి నవ్వింది. ఒకప్పుడు ఈయన కొడితే లేచి నిలబడ్డ తరం నవ్వింది. ఆ కార్యక్రమం మేం కూడా చూశాం. చివర్లో ఈయన ముఖం మాత్రం నవ్వడం లేదు.

సీజన్‌లో ఆఖరి ఆదివారం. గెలిస్తే ఆఖరి స్థానం తప్పుతుంది, అంతే, అంతకు మించి ఏమీ లేదు. స్కోరు సమానంగా ఉంది. చివరి ఇన్నింగ్స్, మూడో బేస్ మీద మావాడు, నిషిజాతో వంతు. జనం అప్పటికే "ఛైర్మన్! ఛైర్మన్!" అని లయగా అరుస్తున్నారు. ఆయన హెల్మెట్ పెట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు. శిరొటా చేతులు కట్టుకుని మైదానం వైపే చూస్తున్నాడు. పిలవలేదు.

ఛైర్మన్ ఒక్క క్షణం ఆగి, తనంతట తానే నడిచి వెళ్లి బ్యాటింగు గీతల మధ్య నిలబడ్డాడు. అప్పటికే అక్కడ నిషిజాతో ఉన్నాడు. ఒకే గీతల మధ్య ఇద్దరు మనుషులు, రెండు బ్యాట్లు. ఆటగాణ్ణి మార్చినట్టు అంపైర్ ఏ కబురూ నాకు పంపలేదు. నేను మైకు తీసుకుని, "బ్యాటింగు, నిషిజాతో" అన్నాను. ఛైర్మన్ కదలకపోతే మళ్లీ అన్నాను, ఈసారి ఇంకాస్త గట్టిగా.

కింద జరిగిన మాటలు అంపైర్ తర్వాత చెప్పాడు.

"పక్కకు జరుగు నిషిజావా. ఈ జట్టు నాది."

"జట్టు మీదేనండీ. వంతు నాది."

"నేను లేకపోతే నువ్వెవడివి? చేపల మార్కెట్లో ఐసు మోసుకునేవాడివి!"

"ఔను, మోసేవాణ్ణి. మీకు అది కూడా చేతకాదు."

అంపైర్ ఛైర్మన్‌ని బయటికి పొమ్మన్నాడు. ఆయన వెళ్లలేదు. శిరొటా వైపు తిరిగి, "నిన్ను పీకేస్తున్నాను!" అని అరిచాడు. శిరొటా తలూపాడు. ఈసారి ఆ ఊపులో వేరే అర్థం ఉంది. జనం ఈలలు వేస్తున్నారు. అవతలి పిచ్చర్ మట్టి దిబ్బ మీద చతికిలబడి కూర్చున్నాడు.

రురికో నా పక్కనే ఉంది. కప్పు కింద పెట్టి, నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"ఏవండీ," అంది. ఆ గొంతు మైదానమంతా, బహుశా రేవు దాకా, వినిపించింది. "ఇంక చాలు, ఇంటికి రండి. మీరు కొట్టలేరు. హైస్కూల్లోనూ కొట్టలేకపోయారు. పాపం, మిమ్మల్ని దింపని ఆ మాస్టారు తప్పేమీ చేయలేదు."

ఎవరూ నవ్వలేదు. అదే విచిత్రం. అంతసేపూ ఈలలు వేసిన జనం చెప్పులు చూసుకుంటూ కూర్చున్నారు. ఛైర్మన్ పైకి, మా గది వైపు చూశాడు. తర్వాత బ్యాటును ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు, ఎవరికీ నమస్కరించకుండా.

నిషిజాతో కొట్టిన దెబ్బంత వికారమైనది నేనెప్పుడూ చూడలేదు. బ్యాటు పిడి దగ్గర తగిలి, బంతి కుంటుకుంటూ పిచ్చర్‌కూ మొదటి బేస్‌కూ మధ్య ఎటూ కాకుండా దొర్లింది. ఇద్దరూ దానికోసం పరిగెత్తి ఒకరినొకరు గుద్దుకున్నారు. మావాడు హోమ్ బేస్ చేరాడు. గెలిచాం. నిషిజాతో చేతులెత్తి, కోషియెన్ గెలిచినట్టు అరిచాడు. వాడి పొగరు నాకప్పుడు కూడా నచ్చలేదు, కానీ వాడితో పాటు నేనూ అరిచాను.

చలికాలంలో తొకుమరు జట్టును మూసేస్తానన్నాడు. ఊరి పెద్దలంతా, నిన్నటిదాకా చప్పట్లు కొట్టినవాళ్లే, అది మొదటి నుంచీ తెలివితక్కువ పనేనన్నారు. అప్పుడు రురికో నేను నడుపుతానంది. ఒక విలేకరి, "మీకు బేస్‌బాల్ అంటే అంత ఇష్టమా?" అని అడిగాడు.

"అసహ్యం," అందామె. "కాబట్టి నేను మధ్యలో దూరను."

శిరొటా వెనక్కి వచ్చాడు. చేపముద్ద బొమ్మను ఫ్యాక్టరీ గోదాములో పడేశారు. జనం బాగా తగ్గారు. వచ్చే కొద్దిమందీ ఆటే చూస్తున్నారు. జట్టు ఇప్పటికీ ఎక్కువగా ఓడిపోతుంది.

తొకుమరు కొన్నాళ్లు కనబడలేదు. ఈ వసంతంలో టికెట్టు కొనుక్కుని వచ్చి, దూరంగా ఎండలో, ఊళ్లో సీసాల కొట్టు నడిపే ఒక ముసలాయన పక్కన కూర్చున్నాడు. మావాడు ఒకడు మూడు బంతులూ వదిలి ఔటై వెళ్తుంటే లేచి నిలబడ్డాడు.

"నేనైతేనా, ఆ మూడోది కొట్టేవాణ్ణి!"

ముసలాయన నూడుల్స్ గిన్నె ఆయన చేతిలో పెట్టాడు.

"తినవయ్యా, చల్లారిపోతోంది."