మోకాలి లోతు నీళ్లలో

మోకాళ్లు దాటని నీళ్లకు భయమేమిటి అనుకున్నాడు కూర్మారావు, అనుకున్నా కాళ్లకింద బురద జారుతూనే ఉంది, నడుముకి కూతురు శ్వేత బిగించిన పట్టీ, పట్టీకి కొక్కెం, కొక్కేనికి కడ్డీ, కడ్డీ నుంచి నాలుగు తాళ్లు, తాళ్ల చివర నడినెత్తిన ఎర్రటి గాలిపటం, గాలిపటమా అది, కద్మాలో తమ ఇంటి వరండా అంత ఉంది, అది లాగుతుంటే పలకమీద నిలబడి నీళ్లమీద జారిపోవాలట, పలక నీకింకా దూరం నాన్నా, ముందు గాలిని పట్టడం నేర్చుకో అంది శ్వేత పొద్దున్న, తూత్తుకుడి వెళ్లి నేర్చుకొచ్చి, చాండిల్ డ్యాము పక్కన అలలు రాని ఈ మడుగులో నలుగురికి నేర్పుతానని ఉద్యోగం మానేసింది, దాన్ని తిరిగి గమ్హరియా ఆఫీసుకు పంపాలనే కదా తను వచ్చింది, రేపటిదాకా కుర్చీ ఖాళీగా ఉంచుతామన్నారు, ఆ మాట ఎత్తబోతే ఒక్కసారి కడ్డీ పట్టుకో, తరవాత మాట్లాడదాం అనేసింది.

గాలి పెరిగింది, కడ్డీ కాస్త పక్కకి వంచాడో లేదో పటం కిందికి దూకింది, నడుము పట్టి ఎవరో ఈడ్చినట్టు ఒళ్లంతా ముందుకు, నోట్లో నీళ్లు, పడేవాడు దొరికినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు, పట్టుకున్నకొద్దీ లాగుతోంది, ఛోడో నాన్నా, హాథ్ ఛోడో, శ్వేత గొంతు, అరుపు కాదు, అంత నెమ్మదిగా ఎలా అనగలిగింది, ముప్పై ఏళ్లు క్రేన్ నడిపిన చేతులు, కింద నిలబడి సైగ చేసేవాడి మాట తప్ప ఇంకెవరి మాటా వినని చేతులు, ఎందుకని అడక్కుండా కడ్డీని వదిలేశాయి, పటం సత్తువ పోయి రెపరెపలాడింది, అతను చతికిలబడ్డాడు, నీళ్లు బొడ్డుదాకా వచ్చాయి, అంతే.

శ్వేత పరిగెత్తి రాలేదు, ఒక చూపు అతని మొహంమీద, ఒక చూపు పటంమీద, ఇంకోటి అవతల ముడతలు పడుతున్న నీళ్లమీద, లెగకు నాన్నా, ఇంకో జోరు వత్తంది, అది పోనీ అంది, నిజంగానే వచ్చింది, పోయింది, ఈ పిల్లకి గాలి కళ్లకు కనబడుతోంది, పొయ్యిమీద పాలు పొంగించి వాళ్లమ్మ రుక్మిణితో తిట్లు తినే పిల్లేనా ఇది, ఈ నిదానం ఎక్కడిది, తనకి లేదు, రుక్మిణికీ లేదు, ఇప్పుడు చెప్పు, ఆఫీసు బాత్ క్యా థీ, ఏదో అనబోయావు అని దగ్గరికొచ్చి అడిగింది, ఆపీసూ లేదు ఏటీ లేదమ్మా, ఇంకోపాలి ఎలగ పట్టాలో సెప్పు అన్నాడు, అంటున్నప్పుడే తెలిసింది, పాతికేళ్లుగా దానికి అన్నీ చెప్తూ వచ్చిన తను, దాన్ని అడిగి నేర్చుకోవడం ఇదే మొదలు.