మేడ మీద వరాలు వదిన

వరాలు వదిన పగిలిన వాష్‌బేసిన్ ఒళ్ళో పెట్టుకుని మేడ మీద కూర్చుని ఉంది, నేను మెట్లెక్కుతున్నాను, ఎక్కేకొద్దీ మెట్లు ఆసుపత్రి వరండాలా సాగిపోతున్నాయి, గోడల నిండా కలబంద మొలిచి ఉంది, దాని ముళ్ళంచులు భుజాలని కోస్తున్నా నొప్పి తెలియడం లేదు, తీరా పైకి చేరితే అది మా గాజువాక ఇంటి మేడే, కానీ పిట్టగోడ లేదు, వీధి ఉండాల్సిన చోట సముద్రం నల్లగా, చప్పుడు లేకుండా ఊగుతోంది. వదిన చచ్చిపోయిందని నాకు తెలుసు. తెలిసి కూడా "అన్నం తిన్నావా వదినా?" అని అడుగుతున్నాను.

"నా తిండికేటి గానీ, మొక్కలెలగున్నాయి రత్నం?"

"పోలీసులు మేడకి తాళం వేసేశారు. ఎండాకాలమంతా ఒక్క చుక్క నీళ్ళు పొయ్యలేదు."

వదిన నవ్వుతోంది. నవ్వినప్పుడు తల పక్కకి వాలి, ఎడమ చెవి పైన ఎముక లోపలికి నొక్కుకుపోయిన చోటు కనబడుతోంది, రక్తం ఇంకా ఆరలేదు, ఆ తడిలో ఒక బిళ్ళగన్నేరు మొలక రెండాకులు వేసి నిలబడి ఉంది. "నీళ్ళకి ఏడ్చే మొక్కని నేనెప్పుడు పెట్టానే? మీ అన్న ఇంట్లో అలాంటివి బతకవని కాపురానికొచ్చిన ఏడాదే తెలిసిపోయింది నాకు."

చుట్టూ చూస్తున్నాను, అన్నీ ఉన్నాయి, లారీ టైర్లలో గడ్డిగులాబీలు, స్కూటర్ హెడ్‌లైటు డొప్పలో రణపాల, నా పాత హెల్మెట్‌లో కలబంద, అడుగు సొట్టపోయిన కుక్కర్‌లో బ్రహ్మజెముడు. మొదట్లో వదినా నేనూ పాత ఇనుము కొట్టుకి వెళ్ళి ఇలాంటివి ఏరి తెచ్చుకునేవాళ్ళం, రానురాను కొట్టుకి వెళ్ళే పనే లేకపోయింది, మా అన్న తాతారావు విసిరికొట్టినవే సరిపోయేవి, కుక్కర్ వదిన వీపుకి తగిలి నేల మీద పడింది, మిక్సీ జారు ఆమె చెయ్యి కోసి గోడకి తగిలింది, సాయంత్రానికల్లా ఆమె వాటికి అడుగున చిల్లులు పెట్టి, నీలం రంగు పూసి, ఎర్రమన్ను నింపేది. చూడ్డానికొచ్చిన కాలనీ ఆడవాళ్ళు ఎంత బాగున్నాయో అనేవాళ్ళు, ఫోటోలు తీసుకునేవాళ్ళు, అన్న వాళ్ళ వెనకే నిలబడి నవ్వేవాడు.

"ఆ వాషింగ్‌మెషీన్ డ్రమ్ములో ఏం వేద్దామనుకున్నావు వదినా? చెప్పకుండానే పోయావు."

"కాగితంపూల తీగ. గుమ్మం మీదుగా పాకించి, మీ అన్న వంగి వచ్చినప్పుడల్లా ముళ్ళు మొహం చీరేసేలాగ."

ఆమె అంత మామూలుగా అంటుంటే నాకు భయమేస్తోంది. "నువ్వెప్పుడూ ఇలా మాట్లాడలేదు వదినా."

"ఎలగ మాట్లాడతానే? బతికున్నప్పుడు పళ్ళు కాపాడుకోవాలి కదా."

కింద నుంచి అమ్మ గొంతు వస్తోంది, మెట్లన్నీ అమ్మ గొంతుతో నిండిపోతున్నాయి, "రత్నం, నువ్వు ఆ రోజు మేడెక్కలేదు, ఏమీ చూడలేదు, అది కాలుజారి పడిపోయింది, పొద్దున్న జడ్జిగారి ముందు అదే చెప్పు, నాకున్నది వాడొక్కడేనే" అంటోంది, నేను దిగిపోదామని తిరుగుతాను, మెట్లు లేవు, మెట్లున్న చోట అన్న ఉన్నాడు, ఒళ్ళంతా సముద్రపు నీళ్ళు కారుతున్నాయి, చేతిలో వదిన మన్ను గుల్ల చేసే ఇనప ఊచ ఉంది.

"అంగన్‌వాడీలో తోట వెయ్యమన్నారట. నన్నొక్క మాట అడక్కుండానే ఒప్పేసుకున్నావట" అంటున్నాడు అన్న, ఆ చివరి రోజు అన్నట్టుగానే, గొంతు కూడా పెంచకుండా, "చెత్త ఏరుకునే దానికి పేరు కూడా కావాలేటి?"

ఊచ మొదట హెల్మెట్ మీద పడుతోంది, తర్వాత కుక్కర్ మీద, పగిలిన ప్రతిదాంట్లోంచీ మన్నుకి బదులు రక్తం చిమ్ముతోంది, బ్రహ్మజెముడు ముక్కలు ఎగిరి నా చెంపలకి గుచ్చుకుంటున్నాయి, రణపాల ఆకులు కాళ్ళ కింద కన్నుల్లా చితుకుతున్నాయి, నేను పరిగెత్తుకెళ్ళి అన్న చెయ్యి పట్టుకుంటున్నాను, ఆ రోజూ పట్టుకున్నాను, ఆ రోజు లాగే వాడు నా మణికట్టు మెలితిప్పుతున్నాడు, పుల్ల విరిగిన చప్పుడు, ఆ వెంటనే రెండో చప్పుడు, అది వదిన తల. అయితే ఈసారి వదిన పడిపోవడం లేదు. తల మీది దెబ్బతోనే లేచి నిలబడి అన్న మెడ మీద కాలు వేసి తొక్కిపట్టింది, ఊచ లాక్కుని విరిగిన నా చేతిలో పెడుతోంది.

"కొట్టు."

నేను ఊచ ఎత్తుతున్నాను. నాకు కొట్టాలనే ఉంది. ఆ తల పగిలితే వచ్చే చప్పుడు వినాలని నా ఒళ్ళంతా ఆత్రపడుతోంది. సరిగ్గా అప్పుడే కాలికింది మొహం మారిపోతోంది, నా అప్పగింతల రోజు పందిరి రాట వెనక దాక్కుని ఏడ్చిన మొహం అది, కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి, "రత్నం, నేనేనే" అంటోంది. నా చెయ్యి గాల్లోనే ఆగిపోతోంది.

"ఎందుకాగావు?"

"వాడు నా అన్న వదినా."

"మరి నేను?"

సముద్రం మేడ అంచుకి వచ్చేసింది. టైఫాయిడ్‌తో నేను మంచాన పడి ఉంటే నా వాంతులు ఎత్తిపోసింది, నా మొగుడు పోయాక ఈ ఇంట్లో నాకు ఒక గది ఇవ్వమని అన్నతో పోరి తన్నులు తిన్నది, నా వదిన, నా మొహంలోకి చూస్తూ నిలబడి ఉంది, ఆమె కళ్ళలో జాలి లేదు.

"కొట్టలేవు. సరే. నోరన్నా తెరువు."

తెరుస్తాను. మాట బదులు మన్ను వస్తోంది, ఎర్రమన్ను, నాలుక కింద, అంగిట్లో, గొంతు లోపల దాకా కూరి ఉంది, ఎవరో పిడికిళ్ళతో కుక్కినట్టు, ఊపిరాడడం లేదు, వదిన నా జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచి, వేళ్ళు నోట్లో పెట్టి మన్ను తవ్వి పారేస్తోంది, గోళ్ళు అంగిలిని చీరేస్తున్నాయి, ఆగడం లేదు, "చెప్పు, చెప్పు" అంటూనే ఉంది, నేను ఆ వేళ్ళని కొరుకుతూ, ఏడుస్తూ, "అన్నే చంపాడు, నా కళ్ళతో నేను చూశాను, అన్నే వదినని చంపాడు" అని సముద్రం బద్దలయ్యేలా అరుస్తున్నాను.

కళ్ళు తెరిచాను. తెల్లవారిపోయింది, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. అమ్మ నా మీదకి వంగి, అరచేత్తో నా నోరు గట్టిగా మూసేసి ఉంది.

"అరవకే, అరవకే తల్లీ" అంటోంది, చెంపల మీద కన్నీళ్ళు కారిపోతున్నాయి. "పక్కింటోళ్ళు బయటికొచ్చి వింటున్నారు."

ఆ చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకుని తీసేశాను. అతికిన మణికట్టు కలుక్కుమంది.

"విననీ అమ్మా. ఇంకాసేపట్లో కోర్టులో కూడా ఇదే చెబుతాను."

అమ్మ మంచం అంచున కూలబడి, అరచెయ్యి ఎండలోకి తిప్పి చూసుకుంటోంది. నా పళ్ళు దిగిన చోట చర్మం తెగి, రెండు చోట్ల రక్తం చిమ్ముతోంది.