కూతురి పేరు మీద చదువు

క్యాబేజీ ఆకులో బియ్యం పెట్టి చుట్టడానికి రెండు చేతులూ కావాలి. సనియ్యా ఒకటిన్నరతోనే సరిపెడుతుంది. కుడిచేతి వేలొకటి పొడిగా ఉంచుకుంటుంది, గట్టు మీద నిలబెట్టిన ట్యాబ్ నొక్కడానికి. శుక్రవారం మగాళ్ళు నమాజు నుంచి వచ్చేసరికి ఈ చుట్టలు, గిన్నెడు మహ్షీ, ఉడికి ఉండాలి. ఆలోగా నాలుగు లెక్కలు చేసుకోవచ్చు.

ఆ ట్యాబ్ మొగుడు రిజ్క్ కూతురి కోసం కొన్నది. ఐదో తరగతి రీతాజ్ పేరు మీదే అందులో పాఠాలు. రీతాజ్‌కి విసుగు. "అమ్మా, నువ్వు నొక్కెయ్" అని తల్లి చేతిలో పెట్టి ఆటకి పోయేది. మూడో తరగతిలోనే పుట్టింటివాళ్ళు బడి మాన్పించిన సనియ్యా మొదట్లో అన్నీ తప్పులే నొక్కింది. ట్యాబ్ తిట్టలేదు. ఇంకోలా చెప్పింది. అదీ తలకెక్కకపోతే వెనక్కి, ఇంకా వెనక్కి, ఆవిడ ఎక్కడ ఆగిపోయిందో అక్కడికి పోయి అక్షరాల నుంచి అందుకుంది. ముప్పైనాలుగేళ్ళలో ఈమె కోసం ఒక్క మాట మార్చి చెప్పినవాళ్ళున్నారా? అత్తది ఎప్పుడూ ఒకే తిట్టు: "రాయి! మా ఇంటికి రాయిని తెచ్చుకున్నాం." మొగుడిది ఎప్పుడూ ఒకే దెబ్బ.

కాదు, అబద్ధం. మొగుడి దెబ్బ మారింది. అతని ఫోనూ అతనికి చదువు చెబుతోంది మరి. ఒకనాడు పెళ్ళాల మీద జోకు చూసి నవ్వాడు. మర్నాడు అలాంటివి పది వచ్చాయి. నెల తిరిగేసరికి టై కట్టుకున్నవాడొకడు రోజూ ఆ ఫోనులోకి వచ్చి కూర్చున్నాడు, ఆడదాన్ని దారిలో పెట్టడం నేర్పడానికి. ముఖం మీద కొట్టొద్దు, పదిమందికీ కనబడేచోట కొట్టొద్దు అన్నాడు. ఆ వారం నుంచే దెబ్బలు చెంప వదిలి వీపుకీ తొడలకీ దిగాయి. ఎవరి కొలతకి వాళ్ళకి పాఠం కుట్టిచ్చే దర్జీకి, ఎవడు దేనికి తొడుక్కుంటున్నాడో ఎందుకు?

వారం వారం రిజ్క్ ఫోనుకి కబురొచ్చేది: "మీ రీతాజ్ తన తరగతి కంటే మూడేళ్ళు ముందుంది." మిల్లులో, కాఫీ హోటల్లో చదివి వినిపించేవాడు. అది విన్నప్పుడల్లా సనియ్యాకి ఒకటే తోచేది: కూతురి చదువు తల్లి తినేస్తోంది. పాఠాలు తల్లి ఎత్తుకి పెరిగిపోయాయి, ఇప్పుడు పిల్లకి అందవు. మానేద్దామనుకునేది. మానలేకపోయింది.

ఆ శుక్రవారం బావగారు షబాన్ భోజనానికొచ్చాడు. మహల్లా ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి లెక్కలు ప్రైవేటు చెప్పేవాడు. ట్యాబ్ అంటే మంట.

"ఏదీ, మీ మేధావిని పిలవరా తమ్ముడూ. ఏమ్మా, ఒక అంకెని మూడింతలు చేసి ఏడు కలిపితే ఇరవై ఎనిమిది. ఆ అంకె ఎంత?"

రీతాజ్ గోడకేసి చూసింది.

"చెప్పవే," అన్నాడు రిజ్క్.

"అదిగదిగో, ముందుకెళ్ళిన మూడేళ్ళూ వెనక్కొస్తున్నాయి!" షబాన్ పళ్ళు కుట్టుకుంటూ నవ్వాడు.

రిజ్క్ కూతురి జడ చేతికి చుట్టుకుని లాగాడు. బెల్టు విప్పాడు. "నన్ను ఊళ్ళో నవ్వులపాలు చేస్తావా? ఇవాళ్టితో బడి బంద్! రేపే కుట్టుమిషన్ షెడ్డులో పడేస్తా."

బెల్టు లేచింది.

"ఏడు," అంది సనియ్యా, వంటింటి గుమ్మంలోంచి.

అందరూ తిరిగారు.

"నీకెవడు చెప్పాడే?"

"ఆ ట్యాబే. ముందుకెళ్ళింది పిల్ల కాదు, నేను. దాన్ని వదులు. బడి మాన్పించకు."

షబాన్‌కి నవ్వుతో పొలమారింది. "ఏడాది పొడుగునా కాఫీ హోటల్లో నీ పెళ్ళాం మార్కులు చదివావట్రా!"

ఆ నవ్వుకి రిజ్క్ టై వాడి పాఠం మర్చిపోయాడు. ట్యాబ్ ఎత్తి ఆమె ముఖం మీద కొట్టాడు. అంచుతో ఒకసారి. పగిలిన అద్దంతో ఇంకోసారి. పడిపోయాక కాలితో పక్కటెముకల్లో. కనుబొమ చీలి ఎముక తెల్లగా బయటపడింది. రీతాజ్ కేకలకి పక్కవాటా వాళ్ళు తలుపులు బాదారు.

ఆసుపత్రికి అత్త తీసుకెళ్ళింది, చున్నీతో ఆ ముఖం కప్పి. రీతాజ్ తల్లి చెయ్యి వదల్లేదు.

"మెట్ల మీంచి పడింది నాయనా," అంది అత్త, గుమాస్తా నోరు విప్పకముందే.

గుమాస్తా తలెత్తలేదు. అప్పటికే రిజిస్టరు పుస్తకంలో రాస్తున్నాడు. వేలిముద్ర సిరా డబ్బా ఆమె వైపు తోశాడు.

సనియ్యా దాన్ని ముట్టుకోలేదు. వాచిన కన్ను వదిలేసి, రెండో కంటితో ఆ పుస్తకం చదివింది. మెల్లగా, పెదాలు కదుపుతూ. ఆమె పేరు. మెట్ల మీంచి పడింది. దాని పైన ఇంకొకామె. మెట్ల మీంచి పడింది. ఆ పైన, పందొమ్మిదేళ్ళట, చెయ్యి విరిగింది. మెట్ల మీంచి పడింది. పేజీ నిండా వేరువేరు ఆడాళ్ళు, వేరువేరు ఎముకలు. అందరికీ ఒకే వాక్యం.

"ఇది కొట్టేయండి," అంది.

"ఏంటమ్మా?"

"మా ఆయన కొట్టాడని రాయండి. దేనితో కొట్టాడో, ఎన్నిసార్లో చెబుతాను. రాశాక ఇవ్వండి, చదువుకుని సంతకం పెడతా. దాని నకలు నాకు కావాలి, స్టేషనుకి తీసుకెళ్ళాలి."

"నోర్ముయ్యవే!" అత్త మోచేయి పట్టి గుంజింది. "పిచ్చెక్కింది నాయనా దీనికి. మెట్లే, మెట్లే."

సనియ్యా ఆ చెయ్యి విడిపించుకుని, గుమాస్తా కళ్ళలోకి చూసింది.

"మేముండేది నేల వాటాలో. మా ఇంటికి మెట్లు లేవు."